కర్ర స్వాధీనం, కుర్చీ ప్రదానం

“ఇందుమూలముగా సుంగై లిలిన్ తోటలోని యావన్మంది స్త్రీ పురుష కూలీజనులకు తెలియజేయునదేమనగా, శ్రీ చక్రవర్తిగారి రజతోత్సవ శుభసమయమున, ఈ తోటయందు అంగవైకల్యముచే పరితపించుచున్న నిరుపేద బాలబాలికలను ఉద్ధరించు నిమిత్తము ‘మలయాంధ్ర వికలాంగ బాల కారుణ్య సమాజము’ అను మహాసంస్థ నిన్న సాయంకాలము ఐదు గంటలకు స్థాపింపబడినది. కావున అట్టి బిడ్డలు గలవారు తక్షణమే వారిని తెచ్చి ఉద్ధరింపజేసికొనవలెను.”

తెల్లవారుజామున, కూలీల హాజరు పట్టే పెరట్టు మైదానంలో, లాంతరు వెలుగులో ఈ ప్రకటనను మూడుసార్లు చదివినవారు పెద్ద కిరాణి తాతబాబు నాయుడు గారు. మలయాలో తోట గుమాస్తాను కిరాణి అంటారు గాని, పెద్ద కిరాణిని గుమాస్తా అనడం హిమాలయాన్ని మిట్ట అనడం వంటిది. దొరకు తెలుగు రాదు, కూలీలకు ఇంగ్లీషు రాదు. ఈ రెండు అజ్ఞానాల నడుమ ఇరవై రెండేళ్లుగా ఇల్లు కట్టుకుని సుఖంగా కాపురముంటున్న మహనీయుడాయన.

ప్రకటన ఫలితం అమోఘం. ఆ మాటలు చెవిన పడిన మరుక్షణం లైన్లలో, అనగా వరుసగా కట్టిన కూలీల ఇళ్లలో, ఉన్న పిల్లలందరి అవయవాలూ బాగుపడిపోయాయి. మెల్లకన్ను పిల్ల కళ్లు రెండూ మూసుకుని నిద్రపోయింది. చెవిటిదని అందరూ ఎరిగిన పిల్ల ఎవరూ అడగని ప్రశ్నలకు సైతం జవాబులు చెప్పింది. వారం రోజులుగా దగ్గుతున్న ఒక పసిపిల్ల దగ్గు మానేసింది. ఇంకా చేయి కదపకముందే ఇంతమందిని బాగుచేసిన ధర్మసంస్థ భూమండలం మీద మరొకటి ఉంటుందని చెప్పలేము.

నాయుడు గారి కరుణకు ఒక చిన్న చరిత్ర ఉంది. రజతోత్సవ సందర్భంగా ప్రజాసేవ చేసిన స్థానికులకు వెండి పతకాలు ప్రసాదిస్తారని ఆయన నెల క్రితం పత్రికలో చదివారు. చదివిన పూటనే ఆయన హృదయం సేవ కోసం తహతహలాడింది. అయితే సేవ చేయదగిన దుఃఖాలు చాలావరకు అప్పటికే ఇతరులు ఆక్రమించుకున్నారు. బడి దొరసాని గారిది. గుడి కూలీల మేస్త్రీలైన కంగాణీలది. కల్లు మాన్పించే పని పక్క తోట కిరాణి పట్టుకుపోయాడు, అదీ తాను మానకుండానే. వెతగ్గా వెతగ్గా, వికలాంగ బాలల దుఃఖం ఒక్కటే ఎవరూ చేపట్టక ఖాళీగా కనిపించింది. నాయుడు గారు దానిని వెంటనే స్వీకరించారు.

సమాజానికి ఒక అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, పదకొండుగురు సభ్యులు ఏర్పడ్డారు. కౌలాలంపూరు బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి గుండ్రని ముద్ర, శిరోనామం అచ్చువేసిన కాగితాలు వచ్చాయి. సమాజానికి కొరత పడింది ఒక్కటే: వికలాంగ బిడ్డ.

“ఎంతమంది వచ్చారు దాసూ?” అని మూడో నాడు నాయుడు గారు స్టోరు కిరాణిని అడిగారు. దాసు సమాజానికి కార్యదర్శి కూడాను. ఏ విషయమైనా సామాను భాషలో తప్ప చెప్పలేని నిజాయితీపరుడు.

“స్టాకు నిల్ అండి.”

“నిల్ ఏమిటయ్యా! రెండు వందల కాపురాలు. ఒక్క కాలైనా వంకర లేదూ?”

“స్లంపు టైములో తమరే కదండీ అంతా క్లియర్ చేసేశారు.”

ఆ మాట నిజమే. మూడేళ్ల కిందట రబ్బరు ధర పాతాళానికి పడిపోయినప్పుడు, పనికిరాని కూలీలను కుటుంబాలతో సహా స్వదేశం పంపించవలసిందని కంపెనీవారు ఉత్తరం రాశారు. నాయుడు గారు ఇదే మైదానంలో, ఇదే లాంతరు పట్టుకుని, ఇదే గొంతుతో, “కాళ్లు చేతులు సరిలేనివారు పేర్లు ఇయ్యవలెను” అని చదివారు. ఏదో సాయం కాబోలనుకుని జనం పోటీపడి పేర్లిచ్చారు. డెబ్బై ముగ్గురు. రెండే రోజుల్లో లారీలెక్కించి, పినాంగులో ఓడెక్కించి, విశాఖపట్నం దారి పట్టించారు. “నీ జాబితాలో వంక పెట్టడానికి ఏమీ లేదు, నాయుడూ” అని దొర రాసిన చీటీ నాయుడు గారి ఇంట్లో అద్దాల పటమై దేవుళ్ల సరసన వేలాడుతోంది.

అటువంటి నిర్దోషమైన జాబితాలో ఒక దోషం ఉన్నదని ఆయనకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

స్టోరు గుట్ట మీద ఉంటుంది. కిందినుంచి నలభై రెండు మెట్లు. వరండాలో నిలబడితే సగం తోట కనిపిస్తుంది. రబ్బరు చెట్ల వరుసల మధ్య నుంచి పదకొండేళ్ల పిల్ల ఒకతె నెత్తిన గంజి డబ్బా పెట్టుకుని వెళుతోంది. వెళుతోంది అనడం తక్కువ. చంకలో పంగల కర్ర ఒకటి, నేల మీద కుడికాలు ఒకటి, టకటకమని దూసుకుపోతోంది. ఎడమ కాలు మాత్రం సన్నగా, ఎండిన తీగలా, నేలకు ఆనకుండా కర్ర పక్కన వేలాడుతోంది.

“దాసూ, అదేమిటి?”

“ముత్యాలండి. రబ్బరు పాలు గీసే నరసమ్మ కూతురు. చిన్నప్పుడు జొరం వచ్చి కాలు పడిపోయింది.”

“మరి మూడేళ్ల కిందట నా జాబితాలో లేదేం?”

“రెండు రోజులు కట్టెల కొట్లో దాచేసిందండి తల్లి.”

“ఆ తరవాతైనా నా కంట పడలేదేం?”

“స్పీడు ఎక్కువండి. దూరం నించి తెలీదు.”

తన జాబితాలో తప్పు దొరికినందుకు ఒక అధికారి ఆనందబాష్పాలు రాల్చడం దాసు మొదటిసారి చూశాడు.

కబురు వెళ్లింది. నరసమ్మ గీసే కత్తి చేతిలో ఉండగానే మెట్లన్నీ ఎక్కి పరుగెత్తుకొచ్చింది. వెనకాలే ఆమె తమ్ముడు పైడయ్య. అందరికంటె ముందు ముత్యాలు వచ్చి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

“దండాలు బావూ, నా గుంటని ఓడెక్కించీకండి! కాలొక్కటే గానీ పనికి అడ్డం నేదు. గంజి మోస్తాది, నీల్లు మోస్తాది, బడికెల్తాది.”

“ఓడ కాదే వెర్రిదానా, కుర్చీ! చక్రాల కుర్చీ దయచేస్తున్నాం.”

“కుర్చీ ఏటికి బావూ? ఎవులు కూకుంటారు?”

“నీ కూతురే.”

“అది కూకోదు బావూ. దాన్ని ఒక్కకాడ కూకోబెట్టనేక సత్తన్నాను.”

“కుర్చీ మెట్లెక్కుతాదా?” అని ముత్యాలు అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

“నోరు ముయ్యి. దయ చూపిస్తున్నప్పుడు ప్రశ్నలు వెయ్యకూడదు.”

పైడయ్య తల గోక్కుని, మాట చివర మలయావాళ్ల ‘లా’ తగిలిస్తూ అన్నాడు. “కర్రుంది లా, బావూ. గాలివానకి పడిపోయిన కొమ్మ సెక్కి నానే సేసినాను. అడుగున లారీ టైరు ముక్క యేసినాను, జారదు.”

కర్ర కేసి నాయుడు గారు జాలిగా చూశారు. పంగలో గోనెగుడ్డ చుట్టి, చంక తగిలే చోట నూనెపట్టి నిగనిగలాడుతోంది. పతకానికి తగిన వస్తువు కాదు.

కుర్చీ జార్జ్ టౌన్ నుంచి వచ్చింది. వేలంపాటలో దొరికినది. పూర్వం ఒక తగరపు గనుల యజమాని నాయనమ్మ గారు దానిలో పన్నెండేళ్లు కూర్చుని స్వర్గస్థులయ్యారు. పేము వీపు, ఇత్తడి బుడిపెలు, ఆవు బండి చక్రాలకు మేనత్త కొడుకుల వంటి చక్రాలు. కదపడానికి నలుగురు మగవాళ్లు కావాలి. ఆ ఆసనంలో ముత్యాలు వంటి పిల్లలు ముగ్గురు కూర్చుని వామనగుంటలు ఆడుకోవచ్చు.

రజతోత్సవానికి రెండు రోజుల ముందు రిహార్సల్ జరిపారు. ముత్యాలును పిలవగానే ఆమె టకటకమంటూ వేదిక మెట్లెక్కి కుర్చీ పక్కన నిలబడింది. తీసుకురావడానికి వెళ్లిన సభ్యులిద్దరూ ఇంకా కింది మెట్టు దగ్గరే ఉన్నారు.

నాయుడు గారి ముఖం వాడిపోయింది. “ఇదేమిటి దాసూ? ఈ పిల్ల ఇలా నడుస్తుంటే ఇక సమాజం దేనికి?”

“రూలు ఉందండి కదా,” అన్నాడు దాసు.

ఉంది. స్టోరు గోడకు తెలుగులోనూ అరవంలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసి అంటించిన ఆ నియమావళి నాయుడు గారి స్వహస్త రచన. దాని కింద ఆయన సంతకమూ ఉంది. ఆ తోటలో అరిగిన కత్తి ఇస్తేనే కొత్త కత్తి ఇస్తారు. పగిలిన బకెట్టు ఇస్తేనే కొత్త బకెట్టు. ఇది మొదటి నియమం. స్టోరు ఇచ్చిన వస్తువును పని ముగియగానే నాలుగు గంటలలోగా స్టోరులో అప్పగించి, మరునాడు ఎవరి వస్తువు వారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేసి తీసుకోవాలి. ఇది రెండోది. తోట విడిచి వెళ్లిపోయే కూలీ స్టోరు వస్తువు స్టోరుకు ఇచ్చివేయాలి, తాను పూర్వం అప్పగించిన వస్తువు తాను తీసుకుపోవాలి. పరాయి వస్తువు స్టోరులో ఒక్క గడియ కూడా ఉండరాదు. ఇది మూడోది. దీని అవసరం ఇంతవరకు ఎవరికీ కలగలేదు. తోట విడిచిపోతూ అరిగిపోయిన కత్తి కోసం వెనక్కి వచ్చేవాడెవడు?

ఇరవై రెండేళ్లుగా కత్తులకూ బకెట్లకూ అన్వయించిన ధర్మాన్ని నాయుడు గారు ఆ సాయంత్రం కరుణకు కూడా అన్వయించారు.

“పాతది అప్పగిస్తేనే కొత్తది. కర్ర ఇలా ఇయ్యి.”

ముత్యాలు కర్రను రెండు చేతులా పట్టుకుంది. “మల్లీ ఇస్తారా?”

“అవసరం ఉండదు.”

“ఉంటే?”

“నరసమ్మా, నీ కూతురికి కృతజ్ఞత నేర్పలేదేమే?”

నరసమ్మ కళ్ల ముందు లారీలు కదిలాయి. కూతురి వేళ్లు ఒక్కొక్కటే తనే విడదీసింది. దాసు రిజిస్టరులో రాసుకున్నాడు: “కర్ర, రబ్బరు కొమ్మ, వాడినది, ఒకటి.” తల్లి పిల్లను వీపున వేసుకుని లైన్లకు తీసుకుపోయింది. ఆ తోటలో ముత్యాలును ఎవరైనా మోసుకువెళ్లడం చాలా ఏళ్ల తరవాత అదే మొదలు.

రజతోత్సవ సభను వర్ణించడానికి మానవ భాష చాలదు. పచ్చ కాగితాల తోరణాలు, కౌలాలంపూరు నుంచి ఫొటోగ్రాఫరు, ముందు వరుసలో దొర, దొరసాని. ఎర్ర రిబ్బను కట్టి అద్దాల పెట్టెలో పెట్టిన కర్రను వేదిక మీద ఒక పక్క నిలబెట్టారు. కింద చీటీ: “సమాజ స్థాపనకు పూర్వపు దుస్థితి.” మరో పక్క కుర్చీ; అందులో ముత్యాలు. మెడలో వేసిన దండ ఒళ్లోకి దిగి, ఒళ్లోంచి పాదాల దాకా పారింది.

నాయుడు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. దధీచిని, శిబిని, కర్ణుణ్ణి వరుసగా తలచుకుని, వారందరూ తమ సొంత వస్తువులు మాత్రమే ఇచ్చారని సున్నితంగా జ్ఞాపకం చేశారు. “ఈ బాలిక నిన్నటివరకు ఒక కొయ్యముక్కకు బానిస! నేడు సింహాసనాధీశ్వరి!” అన్నప్పుడు పదకొండుగురు సభ్యులు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. రిహార్సల్‌లో కూడా అక్కడే కొట్టారు.

దొర కిందికి వంగి, సంతోషంగా ఉందా అని పిల్లను ఇంగ్లీషులో అడిగాడు. నాయుడు గారు తెలుగు చేశారు.

“నా కర్ర ఎప్పుడిచ్చెస్తారు?” అంది ముత్యాలు.

“ఏమంటోంది?” అన్నాడు దొర.

“నోట మాట రావడం లేదంటోంది దొరా.”

దొరసాని గారు కళ్లు తుడుచుకుని బిస్కెట్ల డబ్బా ఒకటి బహూకరించారు. ఫొటో తీశారు. దొర బంగళా దారి పట్టగానే దాసు గడియారం చూశాడు. నాలుగు కావడానికి పది నిమిషాలుంది. రెండో నియమం ప్రకారం నలుగురు మనుషులు కుర్చీని, దాని వెనకే అద్దాల పెట్టెను నలభై రెండు మెట్లు ఎక్కించి స్టోరులో అప్పగించారు. సింహాసనాధీశ్వరిని పైడయ్య భుజాన వేసుకుపోయాడు.

మరునాడు నరసమ్మ వచ్చింది. “కుర్చీ ఇచ్చీండి బావూ.”

“నీకెందుకు ఇస్తాం? ఎవరి వస్తువు వారు స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలి.”

“అది నడిసి రానేదు కదా బావూ.”

“నడవలేదు కనకనే కదా కుర్చీ ఇచ్చాం. నడిచి వచ్చిందంటే మోసం కిందికి వస్తుంది.”

“మరి ఎలాగొస్తాది?”

“అది నీ శ్రద్ధను బట్టి ఉంటుంది.”

శ్రద్ధ పైడయ్య చూపించాడు. ఒకనాడు పని మానేసి మేనకోడల్ని వీపున మోసుకువచ్చి వేలిముద్ర వేయించాడు. నలుగురు స్నేహితులను బతిమాలి కుర్చీని మెట్లు దింపించేసరికి పది గంటలైంది. కింద ఎర్రమట్టి దారి. రాత్రి వాన కురిసింది. చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. లాగి బయట పడవేసేసరికి రెండు దాటింది. నాలుగింటికి అప్పగించాలి గనుక అక్కడినుంచే వెనక్కి తిప్పారు. ఆ రోజు ముత్యాలు కుర్చీలో చేసిన ప్రయాణం పదకొండు గజాలు. దాసు రిజిస్టరులో, “చక్రాలకు బురద. పుచ్చుకున్నవారి అజాగ్రత్త” అని రాసుకున్నాడు.

తరవాత పైడయ్య అడవిలోకి పోయి కొత్త కొమ్మ తెచ్చి, చెక్కి, టైరు ముక్క వేశాడు. అది ఒక్క పూట బతికింది. ముత్యాలు దానితో నీళ్ల పంపు దాకా వెళ్లి రావడం ఒక ఉపాధ్యక్షుడు చూశాడు.

నాయుడు గారు కోప్పడలేదు. చాలా నెమ్మదిగా చెప్పారు. “ఒక కూలీకి రెండు కత్తులు ఇస్తామా నరసమ్మా? ఇవ్వం. నీ కూతురు పేర కుర్చీ ఉండగా మరో కర్ర ఉండటం నేరం. కర్ర కావాలంటే సమాజంలోంచి పేరు కొట్టేస్తాను. కొట్టేశాక అది ఎవరు? సమాజం బిడ్డ కాదు. ఉత్త కుంటిపిల్ల. కుంటివాళ్ల జాబితా రాసేది ఎవరో నీకు తెలుసుగా?”

నరసమ్మకు తెలుసు. కొత్త కర్ర ఆ సాయంత్రమే పొయ్యిలోకి పోయింది. గంజి డబ్బా ఇక తోటలోకి రాలేదు. తెల్లవారకముందు వెళ్లిన తల్లి మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో చెట్లు గీసేది. బడిలో ముత్యాలు కూర్చునే చోట వేరే పిల్ల కూర్చుంది. లైను అరుగు మీద నుంచి పంపు దాకా ముత్యాలు చేతుల మీద పాకేది. అరచేతుల తోలు లేచిపోయి, తరవాత గట్టిపడింది.

అయినా సమాజం అభివృద్ధి ఆగలేదు. జూన్ నెలలో, పతకానికి సిఫార్సు అయిన సేవలు నిజమా కాదా అని స్వయంగా చూసి పోవడానికి కౌలాలంపూరు నుంచి ఒక తెల్ల అధికారి అచ్చు ఫారం పట్టుకుని వచ్చాడు. పొద్దుటే ముత్యాలును మోసుకొచ్చి, స్టోరులో కుర్చీలో కూర్చోబెట్టారు. అధికారి ముందు బంగళాకు పోయి భోజనం చేశాడు. ఆ మూడు గంటలూ పిల్ల గోడకేసి చూస్తూ కూర్చుంది. చూడడానికి గోడ మీద ఉన్నది ఒకటే కాగితం. బడిలో నేర్చిన చదువుకు చాలాకాలానికి పని దొరికింది. మొదటినుంచి చివరిదాకా, సంతకంతో సహా, నాలుగుసార్లు చదివింది.

అధికారి వచ్చి అద్దాల పెట్టె చూశాడు, కుర్చీ చూశాడు, అందులో పిల్లను కూడా చూశాడు. ఫారం తెరిచాడు.

“సమాజం పెట్టక పూర్వం ఈ తోటలో నడవలేని పిల్లలు ఎందరు?”

నాయుడు గారికి అది తన పాత జాబితాను శంకించినట్లు తోచింది. రోషంగా, “ఒక్కరూ లేరు దొరా! నా హయాములో ఒక్కరంటే ఒక్కరు లేరు!” అన్నారు.

“ఇప్పుడు?”

“ఒకరు,” అని నాయుడు గారు గర్వంగా కుర్చీ కేసి చూపించారు.

అధికారి రెండు గడులలోనూ రెండు అంకెలు వేశాడు. “అభివృద్ధి నూటికి ఎంత?”

దాసు చెవిలో గొణిగాడు. “నిల్ నించి వన్ అండి. పర్సెంటేజీ కట్టలేం.”

“అంటే?”

“లెక్కకు అందనంత అండి.”

“అదే చెప్పు.”

అదే చెప్పారు. అధికారి అదే రాసుకున్నాడు. పిల్ల పేరు అడిగితే నాయుడు గారు అక్షరం అక్షరం విడదీసి చెప్పారు.

ఆ సాయంత్రం తల్లి చీర కొంగు పట్టుకుని ముత్యాలు అంది: “అమ్మా, దాసు బావుని అడిగినాను, నడవనేనోలు ఒకలని రాసినారంట. నా పేరు కూడా రాసినారు. పెద్ద కిరాణి బావుగోరే సెప్పినారు.”

నరసమ్మ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. మూడేళ్లుగా ఏ పేరు ఏ కాగితం మీదికీ ఎక్కకుండా చూసిందో ఆ పేరు ఎక్కిపోయింది. “రాసీసినారా,” అంది. “మరింకేటి భయం?”

“గోడ మీద ఇంకోటి కూడా రాసుందమ్మా,” అంది ముత్యాలు.

తోట మానదలచిన కూలీ నెల ముందు నోటీసు ఇవ్వాలి. నాయుడు గారి బల్ల మీదికి ఆ వారం వచ్చిన నోటీసులలో రెండు, నరసమ్మదీ పైడయ్యదీ, ఆయన చూడకుండానే సంతకం చేసినవి. చూడడానికి తీరిక ఎక్కడ? పతకం మంజూరైన వార్త అందింది. స్వీకార సభ జూలై ఎన్నో తారీకో, వేదిక ఎక్కడో, కోటుకు గుండీలు ఎన్నో నిర్ణయించవలసి ఉంది. సభ స్టోరు వరండాలోనే జరపాలని తేల్చారు. వెనక కర్ర, పక్కన కుర్చీ, కుర్చీలో పిల్ల, మధ్యన తాను.

సభనాడు కోటు ఇస్త్రీ మడతలు చెదరకుండా నాయుడు గారు నిలబడే ఉన్నారు. పిల్లను మోసుకురమ్మని మనుషులను పంపబోతుండగా పైడయ్యే మోసుకుని వచ్చాడు. వెనక నరసమ్మ, ఆమె నెత్తిన మూట, చేతిలో బిస్కెట్ల డబ్బా.

“శుభం! కుర్చీలో కూర్చోబెట్టండి.”

“కుర్చీ అప్పగించడానికి వచ్చినాం బావూ,” అంది నరసమ్మ. “నేటితో నోటీసు అయిపోనాది. బటాంగ్ బెర్జుంటై అవతల తోటలో పని కుదిరినాది. కుర్చీ మీది మీరు తీసుకోండి. మాది మాకిచ్చీండి.”

“మీది ఏమిటి?”

ముత్యాలు మామయ్య భుజం మీద నుంచే గోడకేసి వేలు చూపించింది. “నియమం మూడు. తోట విడిచిపోయే కూలీ తాను అప్పగించిన వస్తువు తాను తీసుకుపోవలెను. పరాయి వస్తువు స్టోరులో ఒక్క గడియ కూడా ఉండరాదు. కింద తమరి సంతకమండి.”

నాయుడు గారు గోడను మొదటిసారి చూస్తున్నట్లు చూశారు. “ఆ కర్ర ఇప్పుడు సమాజం ఆస్తి. చరిత్ర! దాసూ, చెప్పవయ్యా!”

దాసు రిజిస్టరు తిరగేసి, ఉన్నదున్నట్లు చెప్పాడు. “కర్ర, రబ్బరు కొమ్మ, వాడినది, ఒకటి. వివరం కింద చరిత్ర అని లేదండి.”

“సభ అయ్యాక చూద్దాం. ఒక్క గంట!”

“ఒక్క గడియ కూడా ఉండరాదని ఉందండి,” అంది ముత్యాలు.

“ఏటి బావూ ఆలోసన?” అన్నాడు పైడయ్య. “లారీ కింద ఆగుంది లా.”

ఇంతలో దొర, దొరసాని మెట్లెక్కి వచ్చారు. ఆలస్యం ఎందుకని దొర అడిగాడు. నాయుడు గారు నవ్వుతూ, “ఈ బీదవాళ్లు తోట విడిచిపోతూ తమకు సంబంధించిన ఒక చిల్లర వస్తువు కోసం పేచీ పెడుతున్నారు దొరా. మూడో నియమం పేరు చెబుతున్నారు” అన్నారు. దొర నిబంధనలను దైవంలా కొలిచే మనిషి. ఇంగ్లీషు పాఠం పెదవులు కదుపుతూ చదివాడు. “నియమం చాలా స్పష్టంగా ఉంది నాయుడూ. నువ్వు రాసిందే కదా. ఇచ్చి పంపించు” అన్నాడు.

అద్దాల పెట్టె తాళం తీశారు. ముత్యాలు మామయ్య వీపు మీద నుంచి దిగింది. ఎర్ర రిబ్బను విప్పి, మడత పెట్టి, “ఇది మాది కాదండి” అని దాసు చేతిలో పెట్టింది. గోనెగుడ్డ మెత్తను చంకకు ఆనించి, ఒకసారి నేల మీద పొడిచి చూసుకుంది. టైరు ముక్క జారలేదు.

మొదటి పది మెట్లు గోడ పట్టుకుని దిగింది. కాలు మరిచిపోయిన లయను కర్ర గుర్తుచేసింది కాబోలు, మిగిలిన ముప్ఫై రెండు మెట్లూ టకటకమని ఒకే దరువు. తల్లి, మామయ్య వెనకబడ్డారు. “ఒసే, నెమ్మదే!” అని నరసమ్మ కేక గుట్టంతా వినిపించింది. కేకలో కోపం మాత్రం వినిపించలేదు.

దండ మాటున కుర్చీలో తప్ప ఆ పిల్లను ఎరుగని దొర వరండా కమ్మీకి ఆనుకుని కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఎవరా పిల్ల? ఒంటి కాలితో ఎంత చక్కగా నడుస్తోంది!”

నాయుడు గారు ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు.

“అంతా మన సమాజం చలవ దొరా.”

చప్పట్లు మోగాయి. ఖాళీ అద్దాల పెట్టెకూ ఖాళీ కుర్చీకీ మధ్యన నిలబడి పెద్ద కిరాణి తాతబాబు నాయుడు గారు పతకం స్వీకరించారు. ఫొటో చాలా బాగా వచ్చింది.

మూడో నాడు కౌలాలంపూరు నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కకు అందని ఆ అభివృద్ధిని కళ్లారా చూడడానికి పెద్ద అధికారి ఒకరు వచ్చే నెల సతీసమేతంగా వేంచేస్తారట. పిల్లను సిద్ధంగా ఉంచవలెనట.

మరునాటి తెల్లవారుజామున పెరట్టు మైదానంలో మళ్లీ లాంతరు వెలిగింది. ఆ వెలుగులో నాయుడు గారి కోటు మీద పతకం తళతళలాడింది. గొంతు సవరించుకుని కాగితం విప్పారు.

“ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా...”

లైన్లలో ఎవరి ఇంట్లోనో దగ్గుతున్న పసిపిల్ల దగ్గు మానేసింది.